పర్వతారోహణ తాడు – నట్టనడుమ గుర్తు

మానవుడు తన శక్తికి మించిన పనులను సాధించుకొనడానికి నిర్మించుకొన్న సాధనాలలో తాడు మిక్కిలి ప్రాచీనమైనది. మన పల్లెలలో తాడుకు ఉన్నన్ని పేర్లు మరే వస్తువుకూ లేవేమో అనిపిస్తుంది. బావిలో నీరు తోడేది చేంతాడు, పశువును కట్టేది పలుపు, ఎడ్లను నడిపించేది పగ్గం, మంచాన్ని అల్లేది నులక, తాళ్ళెక్కే గీత కార్మికుడు నడుముకు చుట్టుకొనేది మోకు. చేసే పనిని బట్టి పేరు, పేరును బట్టి మందం, అల్లిక, పొడవు ఏర్పడ్డాయి. ఈ వరుసలో గత నూట యాభై యేండ్లలో ప్రత్యేకమైన శాస్త్రంగా వృద్ధి పొందిన తాడు పర్వతారోహకుని తాడు. దాని గుణగణాలన్నింటినీ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆ తాడుకు సరిగ్గా నడుమ పెట్టే ఒక చిన్న గుర్తును గురించి మాత్రమే ఇక్కడ ముచ్చటిస్తాను. చూడడానికి అది వేలెడంత నల్లని మరక. కాని దాని మీద ఒక నిండు ప్రాణం ఆధారపడే ఘడియలు ఉంటాయి.

భాషను బోధించేవాడిని గనుక మాటతోనే మొదలుపెడతాను. తెలుగులో 'నడుమ' అంటే మధ్య. 'నడుము' అంటే శరీర మధ్యభాగం. రెండూ ఒక్క కుదుటి మాటలే. విచిత్రమేమంటే పారసీకంలోనూ ఇదే పోలిక కనిపిస్తుంది. 'మియాన్' అనే మాటకు మధ్య అనీ, నడుము అనీ రెండర్థాలున్నాయి. మన ఉర్దూ విద్యార్థులు నిత్యం పలికే 'దర్మియాన్'లో ఉన్నది ఆ 'మియానే'. ఇక 'నడుమ' అనే మాటను రెండుసార్లు చెబితే వ్యాకరణం దానిని 'నట్టనడుమ' చేస్తుంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలోని ఆమ్రేడిత సంధికి విద్యార్థులు పరీక్షలలో వ్రాసే ఉదాహరణ ఇది. సుమారుగా మధ్య అన్నది నడుమ. అటూ ఇటూ వెంట్రుకవాసి తేడా లేనిది నట్టనడుమ. పర్వతారోహకుడు తాడును నడుముకు కట్టుకొంటాడు. దాని నట్టనడుమను గుర్తుపెట్టుకొంటాడు. ఈ రెండింటిలో ఏది తప్పినా ప్రమాదమే.

తాడు నిర్మాణం

పూర్వం ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతాలలో జనపనార వంటి నారలతో పేనిన తాళ్ళు వాడేవారు. 1865 జూలై 14న మాటర్‌హార్న్ శిఖరాన్ని మొట్టమొదట ఎక్కిన ఏడుగురు దిగివస్తుండగా ఒకరు కాలుజారారు. వారిని కలిపిన తాడు మధ్యలో తెగి నలుగురు మరణించారు. తెగిన తాడు వారి దగ్గర ఉన్న తాళ్ళలో అన్నిటికన్న బలహీనమైనదని తరువాత తేలింది. ఆనాటి తాళ్ళకు పెద్ద లోపం సాగకపోవడం. పడినవాని బరువు ఒక్కసారిగా తగిలితే ఆ కుదుపును అవి మ్రింగుకోలేకపోయేవి.

1935లో అమెరికాలో నైలాన్ కనుగొనబడడంతో ఈ స్థితి మారింది. 1953లో జర్మనీకి చెందిన ఎడెల్రిడ్ సంస్థ 'కెర్న్‌మాంటిల్' అనే కొత్త తరహా తాడును తయారుచేసింది. జర్మన్ భాషలో కెర్న్ అంటే గర్భం, మాంటిల్ అంటే పైవస్త్రం. లోపల బరువును మోసే నైలాన్ పోగుల గుత్తి ఉంటుంది. దాని మీద రాపిడి నుండి కాపాడే అల్లిక తొడుగు ఉంటుంది. నేటి పర్వతారోహణ తాళ్ళన్నీ ఈ పద్ధతివే. సాధారణంగా ఒంటి తాడు 9 నుండి 10 మిల్లీమీటర్ల మందం, 60 మీటర్ల పొడవు ఉంటుంది. 70, 80 మీటర్లవీ దొరుకుతాయి. ఐరోపా ప్రమాణమైన ఇ.ఎన్. 892 ప్రకారం 80 కిలోల బరువు వేలాడితే ఒంటి తాడు నూటికి పది వంతులకు మించి సాగరాదు. పరీక్షలో మొదటి పతనానికి 40 వంతులకు మించి సాగరాదు. కనీసం ఐదు పతనాలకు తట్టుకోవాలి. ఈ సాగే గుణమే పడినవాని వెన్నెముకను కాపాడుతుంది.

నడిమి గుర్తు ఎందుకు?

ఇంత బలమైన తాడుకు ఒక బలహీనత ఉంది. అది ఎక్కడ చూసినా ఒకే విధంగా ఉంటుంది. అరవై మీటర్ల తాడు కొండచరియ మీద కుప్పగా పడి ఉన్నప్పుడు చేతిలో ఉన్న భాగం పదవ మీటరో, నలభయ్యవ మీటరో చెప్పడం ఎంత అనుభవజ్ఞునికైనా సాధ్యం కాదు. నడిమి గుర్తు అవసరమయ్యే సందర్భాలు ముఖ్యంగా రెండు.

మొదటిది దిగడం. దీనిని రాపెల్లింగ్ అంటారు. ఆల్ప్స్‌లో ఫ్రెంచి మార్గదర్శి జాఁ షార్లె-స్త్రాటాఁ 1870లలో పెటి ద్రు శిఖరం మీద ఈ పద్ధతిని రూపొందించాడని చరిత్ర. ఆరోహకుడు పైన రాతికి బిగించిన గట్టి ఇనుప కడియం గుండా తాడును దూర్చి, రెండు కొసలనూ సమంగా క్రిందికి వదులుతాడు. రెండు పాయలను కలిపి పట్టుకొని దిగుతాడు. క్రిందికి చేరిన తరువాత ఒక కొసను లాగితే తాడంతా కడియం నుండి జారి చేతికి వస్తుంది. అరవై మీటర్ల తాడుతో ముప్పై మీటర్లు దిగవచ్చు. కాని ఇదంతా తాడు నట్టనడుమ భాగం కడియంలో ఉన్నప్పుడే చెల్లుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క గమనించాలి. తాడు మధ్య భాగం కడియానికి మూడు మీటర్లు ప్రక్కకు జరిగిందనుకొందాం. అప్పుడు ఒక పాయ 33 మీటర్లు, రెండవది 27 మీటర్లు అవుతుంది. పైన జరిగిన పొరపాటు మూడు మీటర్లే అయినా క్రింద కొసల మధ్య తేడా ఆరు మీటర్లు. అంటే రెండంతస్తుల మేడ ఎత్తు. పైన జరిగే తప్పు క్రింద ఎప్పుడూ రెండింతలవుతుంది. దిగేవాడు పొట్టి పాయ కొసను చూసుకోకపోతే ఆ కొస అతని పరికరంలో నుండి జారిపోతుంది. అది జారిన మరుక్షణం బరువంతా రెండవ పాయ మీద పడుతుంది. ఆ పాయకు పైన పట్టు లేనందున తాడు కడియం గుండా పరుగెత్తుతుంది, మనిషి తాడుతో సహా పడిపోతాడు. తాడు తెగలేదు, ముడి ఊడలేదు, రాయి కదలలేదు. నడుమ తప్పింది, అంతే.

మన రైతులకు ఈ సంగతి కొత్త కాదు. కావడి మోసేవాడు బద్ద నడుమను భుజాన పెట్టుకొంటాడు. నడుమ జరిగితే ఒక కుండ నేలకు తగులుతుంది, రెండవది ఆకాశానికి లేస్తుంది. జోడెడ్ల బండికి పగ్గాలు సమంగా లేకపోతే బండి దారి విడిచి చేలో దిగుతుంది. తేడా ఏమంటే కావడి జారితే నీళ్ళు పోతాయి. ఇక్కడ పోయేది ప్రాణం.

2019 నవంబరు 27న మెక్సికోలోని ఎల్ పొత్రెరో చీకో కొండలలో జరిగిన దుర్ఘటన ఇందుకు తార్కాణం. బ్రాడ్ గోబ్రైట్ అనే ప్రసిద్ధ అమెరికన్ ఆరోహకుడు, అతని తోటివాడు 80 మీటర్ల తాడు రెండు పాయల మీద చెరొకవైపు ఒకేసారి దిగుతున్నారు. ఈ పద్ధతిలో ఒకరి బరువే రెండవవారికి ఆధారం. గోబ్రైట్ వైపు పాయ పొట్టిగా ఉంది. దాని కొసకు ముడి లేదు. కొస జారిపోగానే ఇద్దరూ పడిపోయారు. తోటివాడు క్రింది చరియ మీద పడి గాయాలతో బ్రతికాడు; గోబ్రైట్ మరణించాడు. అప్పటికి అతని వయస్సు 31 సంవత్సరాలు. అత్యంత కఠినమైన శిలలను తాడు లేకుండానే ఎక్కిన దిట్ట అతడు. నైపుణ్యం ఎంత ఉన్నా కొసలు సరిచూసుకొనే పని తప్పదని ఆ సంఘటన లోకానికి చెప్పింది.

రెండవ సందర్భం ఎక్కడం. క్రింద ఒకరు తాడు పట్టుకొని వదులుతూ ఉంటారు. వీరిని బిలేయర్ అంటారు. పైన ఒకరు ఎక్కుతారు. ఎక్కినవారు పై కడియంలో తాడు వేసి, క్రిందివారు మెల్లగా వదలగా అదే తాడు మీద దిగుతారు. తాడు పైకి వెళ్ళి మళ్ళీ క్రిందికి రావాలి గనుక ఎక్కిన ఎత్తుకు రెండింతల తాడు కావాలి. నడిమి గుర్తు బిలేయర్ చేతిలో నుండి పైకి వెళ్ళిపోయిందంటే సగం తాడు ఖర్చయిందన్నమాట. ఇక పైకి వెళితే తిరిగి నేలకు దించడానికి తాడు చాలదు. కనుక గుర్తు కనబడగానే బిలేయర్ 'సగం' అని గట్టిగా కేక వేసి చెప్పాలి. ఇది లెక్క చేయనిచోట, తాడు చివరి కొస బిలేయర్ చేతిలో నుండి జారిపోయి పైవారు పడిపోతారు. ఆ కొసకు ఒక ముడి ఉంటే అది పరికరంలో తట్టుకొని ఆగుతుంది.

గుర్తు పెట్టే పద్ధతులు

అన్నింటికన్న ఉత్తమమైనది తాడు అల్లేటప్పుడే తయారీదారు చేసే ఏర్పాటు. కొన్ని తాళ్ళకు మొదటి సగం ఒక అల్లిక, రెండవ సగం మరొక అల్లిక ఉంటుంది. అల్లిక మారినచోటే నడుమ. ఇది చెరిగిపోదు, జరిగిపోదు. ధర మాత్రం ఎక్కువ. రెండవది, తయారీదారు తగిన సిరాతో వేసే నల్లని గుర్తు. చాలా తాళ్ళకు ఉండేది ఇదే. దీనికి ఆయుష్షు తక్కువ. మన తెలంగాణ గరుకు శిలల మీద రాచుకొని, దుమ్ము పట్టి, ఎండకు వెలిసి క్రమంగా మాసిపోతుంది. అప్పుడు మళ్ళీ వేయవలసి వస్తుంది.

ఇక్కడే జాగ్రత్త అవసరం. చేతికి దొరికిన మార్కర్ కలంతో గీత గీస్తే సరిపోదా అని విద్యార్థులు అడగవచ్చు. అంతర్జాతీయ పర్వతారోహణ సంఘాల సమాఖ్య అయిన యు.ఐ.ఎ.ఎ. భద్రతా సంఘం పరీక్షలు జరిపి ఈ విషయమై హెచ్చరిక చేసింది. కొన్ని కలాల సిరా తగిలిన చోట తాడు పతనాన్ని తట్టుకొనే శక్తి సుమారు సగం దాకా తగ్గినట్లు ఆ పరీక్షలలో కనిపించింది. సిరాలోని ద్రావకాలు నైలాన్ మీద ఎలా పనిచేస్తాయో కలం రంగును చూసి చెప్పలేము. నడిమి భాగం దిగేటప్పుడు సరిగ్గా కడియం మీద వంగి బరువు మోసే భాగమని గుర్తుంచుకోవాలి. అందువల్ల ఆ తాడును తయారుచేసినవారు తమ తాడుకు తగినదని చెప్పిన సిరానే వాడాలి. అది లేకపోతే గీత గీయకుండా ఉండడమే మేలు.

కొందరు రంగు టేపు చుట్టుతారు. అది తాడు మీద జరుగుతుంది. జరిగిన టేపు ఉన్నచోట నడుమ ఉందని నమ్మడం గుర్తు లేకపోవడం కన్న ప్రమాదకరం. పైగా పరికరాలలో తట్టుకొంటుంది. మరికొందరు పైతొడుగుకు సన్నని దారంతో కుట్లు వేస్తారు. చీకట్లోనూ వేలికి తగులుతుందన్నది దాని సుగుణం. కాని సూది లోపలి గర్భానికి దిగితే పోగులు తెగుతాయి. కనుక ఇది ప్రారంభకుల పని కాదు.

గుర్తు తప్పే సందర్భాలు

గుర్తు ఉన్నంత మాత్రాన నడుమ తెలిసినట్లు కాదు. తాడు కొసలు ఎక్కువగా అరుగుతాయి. అరిగిన కొసను కోసివేయడం పరిపాటి. అరవై మీటర్ల తాడుకు ఒకవైపు నాలుగు మీటర్లు కోశామనుకొందాం. మిగిలినది 56 మీటర్లు. దాని నట్టనడుమ 28వ మీటరు దగ్గర ఉండాలి. పాత గుర్తు మాత్రం ఒక కొసకు 30, రెండవ కొసకు 26 మీటర్ల దూరంలో అలాగే ఉంటుంది. ఆ గుర్తును నమ్మి దిగేవానికి కొసల తేడా నాలుగు మీటర్లు. కనుక కొస కోస్తే రెండువైపులా సమంగా కోయాలి, లేదా పాత గుర్తును రద్దుచేసి కొత్తది పెట్టాలి. తడిసి ఆరిన తాడు కొంత కుదించుకుపోతుంది కూడా. అప్పుడు దాని అసలు పొడవే పెట్టె మీద వ్రాసిన దానికన్న తక్కువ కావచ్చు.

ఏ గుర్తూ లేని తాడుకు నడుమను కనుగొనే ఉపాయం చాలా సులభం, ఎన్నటికీ తప్పనిది. రెండు కొసలనూ ఒకే చేత పట్టుకొని, రెండు పాయలను కలిపి చేతుల గుండా జార్చుకొంటూ పోవాలి. చివరకు మిగిలే మడతే నట్టనడుమ. దర్జీ బట్టను మడిచి మధ్యను కనుగొనే పద్ధతే ఇది. ఇలా చేసేటప్పుడు తాడు పొడవునా వేళ్ళతో తడిమి చూసినట్లూ అవుతుంది. ఎక్కడైనా మెత్తబడినా, ఉబ్బినా, తొడుగు చిరిగినా చేతికి తెలుస్తుంది.

రెండు తాళ్ళను ముడివేసి దిగేటప్పుడు మాత్రం నడిమి గుర్తుతో పనిలేదు. ముడి కడియం దగ్గర ఉంటుంది, రెండు తాళ్ళు చెరొకవైపు వ్రేలాడుతాయి. అప్పుడు ఏ వైపు తాడును లాగితే ముడి కడియంలో ఇరుక్కోకుండా క్రిందికి వస్తుందో దిగకముందే చూసుకోవాలి. ముడి ఉన్న వైపునే లాగాలి.

మన ప్రాంతం, మన పిల్లలు

ఇదంతా మంచు కొండల దేశాల వారి సంగతి అనుకొనరాదు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, నేటి మన కామారెడ్డి జిల్లాలోని తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుకొన్నది. 2014 మే 25న ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్‌తో కలిసి టిబెట్ వైపు నుండి ఎవరెస్ట్ శిఖరాన్ని చేరింది. అప్పటికి ఆమె వయస్సు పదమూడు సంవత్సరాల పదకొండు నెలలు. ఆ శిఖరాన్ని ఎక్కిన బాలికలలో అతిపిన్న వయస్కురాలు ఆమెయే. 2022 నాటికి ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలనూ పూర్తిచేసింది. అంతకు ముందే 2006లో నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్ బాబు ఆ ఏడు శిఖరాలను 172 రోజులలో ఎక్కి రికార్డు నెలకొల్పాడు.

పూర్ణ మొదటి పాఠం నేర్చుకొన్నది హిమాలయాలలో కాదు, భువనగిరి గుట్ట మీద. చాళుక్య విక్రమాదిత్యుని బిరుదైన త్రిభువనమల్ల పేరు మీద త్రిభువనగిరిగా వెలసిన ఆ కోట ఏకశిల మీద కట్టబడింది. శిల ఎత్తు ఐదువందల అడుగులకు పైగా, అంటే సుమారు 150 మీటర్లు. ఎవరెస్ట్ మీద దారి పొడవునా ముందే బిగించిన తాళ్ళుంటాయి. ఆరోహకులు వాటికి కొక్కెం తగిలించుకొని నడుస్తారు. అక్కడ నడిమి గుర్తు అవసరం అంతగా కనిపించదు. భువనగిరి వంటి నిట్టనిలువు శిల మీద తాడును మడిచి దిగవలసి వచ్చినప్పుడు మాత్రం ప్రతిసారీ నడుమ కావాలి. అరవై మీటర్ల తాడుతో ఒక్కొక్క దిగుడుకు ముప్పై మీటర్లే గనుక అంత ఎత్తు దిగాలంటే కనీసం ఐదుసార్లు నడుమను వెదకాలి. ఐదుసార్లూ సరిగా ఉండాలి. నాలుగుసార్లు సరిగా ఉంటే చాలదు.

తాడు మీద బ్రతికేవారు మన మధ్య తరతరాలుగా ఉన్నారు. గీత కార్మికులు మోకు ఆధారంగా రోజూ తాటిచెట్లెక్కుతారు. వారు జారిపడి మరణించడం, అంగవికలురు కావడం మన పల్లెలకు తెలిసిన విషాదం. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం 'కాటమయ్య రక్షణ కవచం' పేర వారికి భద్రతా కిట్ల పంపిణీ ప్రారంభించింది. పర్వతారోహకుని శాస్త్రం ఈ విధంగా తాటివనానికి చేరుకొన్నది. క్రీడ కోసం ఎక్కేవారు నేర్చిన జాగ్రత్త కూటికోసం ఎక్కేవారికి ఉపయోగపడడం కన్న విద్యకు సార్థకత ఏముంటుంది?

కళాశాల కమిటీ పెద్దలకు మనవి

నేడు ఎన్.సి.సి. ద్వారా, శిక్షణ శిబిరాల ద్వారా మన విద్యార్థినీ విద్యార్థులు కొండలెక్కే అవకాశాలు పెరిగాయి. కళాశాల తరఫున పంపినా, తాడు కొన్నా ఈ క్రింది విషయాలు పాటించవలసిందిగా కోరుతున్నాను.

1. బజారులో కొలిచి అమ్మే నైలాన్ తాడు ఎంత లావుగా ఉన్నా ఎక్కడానికి కొనరాదు. ఇ.ఎన్. 892 లేదా యు.ఐ.ఎ.ఎ. ముద్ర, కొస మీద వలయంలో 1 అంకె ఉన్న ఒంటి తాడునే కొనాలి.

2. రెండు రకాల అల్లిక గల తాడుకు ఖర్చు కొంత ఎక్కువైనా దానినే ఎంచుకోవాలి. ఆదా చేయదగిన చోట్లు వేరే ఉన్నాయి.

3. తాడుకు ఒక చిన్న పుస్తకం పెట్టి కొన్న తేదీ, వాడిన తేదీలు, కోసిన కొసలు, నడుమ సరిచూసిన రోజు వ్రాయాలి. వాడకపోయినా పది సంవత్సరాలు దాటిన తాడును పనికి తీసుకోరాదు.

4. తాడును రసాయనశాస్త్ర ప్రయోగశాల గదిలోగాని, బ్యాటరీల దగ్గరగాని ఉంచరాదు. ఆమ్లాలు, వాటి ఆవిర్లు నైలాన్‌ను కంటికి తెలియకుండా తింటాయి. ఎండ తగలని పొడి బీరువా దానికి తగిన చోటు.

5. శిక్షణ పొందిన గురువు లేకుండా ఏ విద్యార్థినీ తాడు మీదికి పంపరాదు. ఈ వ్యాసం చదివి తాడు పట్టడం నేర్చినట్లు భావించరాదు.

విద్యార్థి మిత్రులకు చెప్పేది ఒక్కటే. శిబిరానికి వెళ్ళినప్పుడు తాడు ఎవరిదైనా, ఇచ్చినవారు ఎంత పెద్దవారైనా, దిగే ముందు నాలుగు పనులు మీ చేతులతో చేయండి. రెండు కొసలు కలిపి నడుమను సరిచూడండి. ఆ నడుమ కడియంలోనే ఉందా అని చూడండి. రెండు కొసలకూ ముడులు వేయండి. రెండు కొసలూ నేలకో, క్రింది చరియకో చేరాయని కంటితో చూసిన తరువాతే బరువు వేయండి. గురువును అనుమానించినట్లవుతుందని మొహమాటపడవద్దు. మంచి గురువు తన శిష్యుడు అడిగి చూసుకొన్నందుకు సంతోషిస్తాడు. గుర్తు మాసిపోయి ఉంటే నోరు విప్పి చెప్పండి. మీ తరువాత అదే తాడు మీద దిగవలసినవారు మీ తమ్ముడో, చెల్లెలో కావచ్చు.